ఓర్చినమ్మకు తేటనీరేనా? - స్టోయిక్ తత్వాన్ని వాడ బావి దగ్గర చదవడం

ఓర్చినమ్మకు తేటనీరు అని సామెత. వంకలో ఇసుక తోడి చెలమ తీస్తే మొదట ఊరేది బురదనీళ్ళే. కాసేపు కూచుంటే మురికి అడుక్కు దిగి పైన నీరు తేరుకుంటుంది. తొందరపడి ముంచుకున్నామెకు బురద, ఓర్చుకున్నామెకు తేటనీరు. అనుభవంలోంచి పుట్టిన మాట ఇది, అబద్ధమేమీ కాదు. కానీ రాయలసీమ పల్లెల్లో మాల, మాదిగ ఆడవాళ్ళు ఊరి బావి దగ్గర కడవ పట్టుకుని నిలబడింది నీళ్ళు తేరుకునేదాకా కాదు. కులమున్న చెయ్యి ఒకటి వచ్చి, తోడి, తగలకుండా పైనుంచి కడవలో పోసేదాకా. సామెత ఒకటే, ఓర్పులు రెండు. మొదటి ఓర్పుకు కారణం ఇసుక. రెండో ఓర్పుకు కారణం మనుషులు. ఈ తేడాను దాటేసే తత్వం ఏదైనా సరే, దాన్ని మనం అనుమానంతోనే చదవాలి.

ఇప్పుడు అలా చదవాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, రెండు వేల ఏళ్ళ కిందటి స్టోయిక్ తత్వం మళ్ళీ నిత్యజీవితంలోకి వచ్చింది. 2012లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి 'స్టోయిక్ వారం' మొదలైంది. వారం పాటు రోజువారీ బతుకులో ఆ సూత్రాలు పాటించి చూడమన్నారు. అంతకు చాలా ముందే, 1965లో వియత్నాంలో పట్టుబడి ఏడేళ్ళకు పైగా ఖైదులో ఉన్న అమెరికన్ విమాన చోదకుడు జేమ్స్ స్టాక్‌డేల్, తనను నిలబెట్టింది ఎపిక్టెటస్ అని రాసుకున్నాడు. అక్కడి నుంచి ఈ మాటలు కంపెనీల శిక్షణ తరగతుల్లోకి, వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లోకి, మన డిగ్రీ కాలేజీల్లోకి నడిచి వచ్చాయి. సారాంశం ఒక్క వాక్యం: నీ చేతిలో ఉన్నదాని మీద మనసు పెట్టు, లేనిదాన్ని వదిలెయ్. ఈ వాక్యం మన పిల్లలకు బలమిస్తుందా, సంకెల వేస్తుందా? మేము ఇక్కడ తేల్చుకోవాలనుకుంటున్నది ఇదే.

అరుగు మీద పుట్టిన చదువు

గ్రీకు భాషలో 'స్టోవా' అంటే స్తంభాల వసారా. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్సులో, బొమ్మలు గీసిన ఒక వసారాలో జీనో పాఠాలు చెప్పేవాడు. ఆ చోటును బట్టే అతని శిష్యులకు స్టోయిక్కులని పేరొచ్చింది. మన మాటల్లో చెప్పుకుంటే అది అరుగు తత్వం. మన దగ్గర అరుగు మీద, రచ్చకట్ట మీద కూచునే హక్కు ఎవరికుండేదో అందరికీ తెలుసు. ఆ అరుగులకు పరిచే నాపబండలకు తాడిపత్రి పేరుమోసిన ఊరు. కానీ గనిలో బండ లేపినవాడు, పాలిషు మిషను దగ్గర రాతి దుమ్ము మింగినవాడు ఆ అరుగు మీద కూచున్నాడా? ఈ ప్రశ్న ఏ తత్వ పాఠంలోనూ రాదు.

అయితే ఆ గ్రీకు అరుగు మీద ఒక కూలివాడికి చోటు దొరికిందన్న మాట కూడా దాచకూడదు. జీనో తర్వాత ఆ బడికి పెద్దగా కూచున్న క్లియాంథీస్ నాలుగు ద్రాక్మాలతో ఏథెన్సు చేరిన మనిషి. రాత్రిళ్ళు తోటలకు నీళ్ళు తోడి, పగలు పాఠం విన్నాడు. పని కనపడకుండా ఇంత దిట్టంగా ఎలా ఉన్నావు, ఏం తిని బతుకుతున్నావని అతన్ని న్యాయసభకు పిలిచారట. తోటమాలినీ, పిండి అమ్మే ఆమెనూ సాక్షులుగా తెచ్చుకుని బయటపడ్డాడని పాత జీవిత చరిత్రలు చెబుతాయి. కూలివాడు తిండి ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో రుజువు చేసుకోవాల్సి రావడం మనకు కొత్త కాదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వంటి జాతుల వాళ్ళు పుట్టుకతోనే ఆ బోనులో నిలబడ్డారు.

ఎపిక్టెటస్ మరీ కింది నుంచి వచ్చినవాడు. ఇప్పటి తుర్కియేలో ఉన్న హైరాపొలిస్‌లో క్రీ.శ. 50 ప్రాంతంలో పుట్టి, రోములో బానిసగా ఉండి, తర్వాత విడుదలై, నికోపొలిస్‌లో బడి పెట్టాడు. ఎపిక్టెటస్ అంటేనే 'సంపాదించుకున్నది' అని అర్థం. అది పేరు కాదు, సరుకు మీద వేసే ముద్ర. మన పెద్దలకు ఊరు పెట్టిన పేర్లు ఎలాంటివో గుర్తు చేసుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. ఆయన పాఠాలను శిష్యుడు ఆరియన్ రాసిపెట్టాడు. ఆ రాతలే 161 నుంచి 180 దాకా రోమును ఏలిన చక్రవర్తి మార్కస్ అరేలియస్ చేతికి చేరాయి.

అట్లా బానిస మాట చక్రవర్తి దిండు కిందికి పోయింది. మాట మారలేదు గానీ, అది చేసే పని మారింది. నా కాలికి గొలుసు వేయగలవు గానీ నా నిర్ణయానికి వేయలేవని బానిస అంటే అది తిరుగుబాటుకు పక్కింట్లో ఉండే మాట. అదే మాటను బానిసలున్న దొర తనకు తాను చెప్పుకుంటే, అది పొద్దుటి నుంచి ఏలి ఏలి అలసిపోయినవాడి ఊరట. ఈనాడు మన దాకా వస్తున్నది ఈ రెండింటిలో ఎక్కువగా రెండోదే.

గీత గీసిందెవరు?

చేతిలో ఉన్నది, లేనిది అని లోకాన్ని రెండుగా చీల్చడం స్టోయిక్ చదువులో తొలి మెట్టు. మన అభిప్రాయం, కోరిక, సంకల్పం మన చేతిలో ఉన్నవి. ఒళ్ళు, ఆస్తి, పదవి, పదిమందిలో పేరు మన చేతిలో లేనివి. సరే, ఈ కొలతను అనంతపురం కరువు మీద పెట్టి చూద్దాం.

ఈ జిల్లాలో సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాపుల్లో ఉంటుంది. పడమటి కనుమల చాటున ఉన్న నేల కాబట్టి నైరుతి మేఘం ఇక్కడికి చేరేసరికి ఖాళీ అవుతుంది. తూర్పు తీరానికి దూరం కాబట్టి ఈశాన్యపు వానా అంతంతమాత్రమే. వాన మన చేతిలో లేదు, ఒప్పుకుంటాం. ఒక రైతు మబ్బును తిట్టుకుంటూ నిద్ర పోగొట్టుకోకుండా ఉండటానికి ఎపిక్టెటస్ పనికొస్తే సంతోషమే. కానీ కరువంటే వాన లేకపోవడం ఒక్కటే కాదు. వాన లేని ఏడు ఎవరి బోరులో నీళ్ళుంటాయి? ఎవరికి అప్పు పుడుతుంది? ఎవరు మూటాముల్లే కట్టుకుని బెంగుళూరు బండెక్కుతారు? వీటికి జవాబు మబ్బులో లేదు. భూమి పట్టాల్లో ఉంది, కులంలో ఉంది.

1876-78 నాటి కరువును చూడండి. తాడిపత్రి అప్పుడు బళ్ళారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. ఆ కరువు కాలంలో రిచర్డ్ టెంపుల్ దొర సహాయ పనుల కూలిని కోసి, మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. ఆ తిండితో పని చేసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. 1877లోనే ఆ కొలతను పెంచక తప్పలేదు. వాన రాకపోవడం ప్రకృతి. కానీ ఒక పౌను అన్నది ఒక మనిషి వేసిన లెక్క. రాసిన చెయ్యి కొట్టేయగలిగిన లెక్క. అప్పుడు కూలి జనానికి ఎవరైనా ఓర్పు బోధించి ఉంటే, అది ఆ ఒక పౌనును కాపాడే బోధే అయ్యేది.

దీనికి ఎదురుగా మరో తేదీ పెట్టుకుందాం. 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ ఉపాధి హామీ పథకం మొదలైంది. 2005 నాటి ఆ చట్టం పల్లెలో ప్రతి కుటుంబానికీ ఏడాదికి నూరు రోజుల పని హక్కుగా రాసింది. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలంది. అమలులో లోట్లెన్నో ఉన్నాయి, ఆ చర్చ వేరు. ఇక్కడ మాకు కావలసింది ఒక్కటే. నిన్నటిదాకా 'మన చేతిలో లేనిది' అయిన కూలి పని ఆ రోజున దరఖాస్తు కాగితం రూపంలో కూలిమనిషి చేతికి వచ్చింది. చేతిలో ఉన్నదానికీ లేనిదానికీ మధ్య గీత ఆకాశం గీసింది కాదు. అది జరుగుతుంది, జరపబడుతుంది కూడా.

చెరువు దగ్గర గీత జరిగిన రోజు

కులమంటే ఒక రకంగా ఈ గీతే. ఇది నీది, ఇది నీది కాదు అని పుట్టకముందే గీసిన గీత. తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి ఉంది. పదిహేనో శతాబ్దం చివర, పదహారో శతాబ్దం మొదట్లో విజయనగరపు కాలంలో కట్టింది. నల్లరాతి శిల్పం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. లింగం అడుగున నీళ్ళు ఊరుతూనే ఉంటాయి కాబట్టే బుగ్గ అన్న పేరు. ఏట్లో ఇసుకే మిగిలిన కరువు సీమలో, దేవుడి కింద మాత్రం ఊట. మద్రాసు రాష్ట్రంలో గుళ్ళ తలుపులు దళితులకు తెరిచిన ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. బావులు, చెరువులు, దారులు అందరివీ అన్న మద్రాసు చట్టం వచ్చింది 1938లో. వాటి తర్వాత కూడా 1955లో అంటరానితనం నేరాల చట్టం, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం కావలసి వచ్చాయి. కాగితం మీద గీత చెరిపినంత మాత్రాన నేల మీద గీత చెరగదనే కదా దీనర్థం.

మహద్ చెప్పిందీ ఇదే. చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు ఆ ఊరి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. చెరువు మాత్రం మూసే ఉంది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి దోసిలితో నీళ్ళు తాగాకే అది చెరువయింది. తాగినవాళ్ళను కొట్టారు, చెరువుకు శుద్ధి చేశారు, కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యం బొంబాయి హైకోర్టులో దళితుల పక్షాన తేలింది 1937లో. పదేళ్ళు! ఓర్పు ఇక్కడా ఉంది. కానీ ఇది కడవ పట్టుకుని పోసేవాడి కోసం చూసే ఓర్పు కాదు. నీళ్ళలో చెయ్యి పెట్టేసి, తీయకుండా నిలబడే ఓర్పు.

విరిగిన కాలు, చల్లారిన నీళ్ళు

ఎపిక్టెటస్ కుంటివాడు. యజమాని కాలు మెలిపెడుతుంటే, విరుగుతుంది సుమా అని చిరునవ్వుతో చెప్పాడనీ, విరిగాక, చెప్పాను కదా అన్నాడనీ ఒక కథ ఉంది. రెండో శతాబ్దంలో సెల్సస్ చెప్పిన కథ ఇది. నిజమో కాదో గానీ, నేటి స్టోయిక్ ప్రచారంలో బాగా తిరుగుతోంది. విన్నవాళ్ళంతా ఆ చిరునవ్వును మెచ్చుకుంటారు. మెలిపెట్టిన చెయ్యి సంగతి ఎవరూ అడగరు. కథ మొత్తం కాలు విరిగినవాడి గుణపరీక్ష అయిపోయింది. విరగ్గొట్టినవాడు వానలాగా, గాలిలాగా ప్రకృతిలో కలిసిపోయాడు. మన దగ్గరా ఇంతే. దెబ్బ తిన్న దళితుడు మర్యాదగా మాట్లాడాడా లేదా అన్నదే చర్చ. కొట్టినవాడి మర్యాద ఎజెండాలోకే రాదు.

ఇదే ఎపిక్టెటస్ పాఠాల్లో ఇంకో ఘట్టముంది. దాన్ని వాళ్ళు పెద్దగా చెప్పరు. ఒక యజమాని వేడినీళ్ళు తెమ్మంటే బానిస వినిపించుకోలేదు, లేదా చల్లారిన నీళ్ళు తెచ్చాడు. కోపం తెచ్చుకోకపోవడం ఎలా? ఎపిక్టెటస్ జవాబు కోపం అణచుకునే చిట్కా కాదు. అతను నీ అన్నదమ్ముడు, నువ్వు పుట్టిన విత్తనంలోంచే పుట్టినవాడు అంటాడు. నేను డబ్బిచ్చి కొన్నానే అని యజమాని వాదిస్తే, నువ్వు చూస్తున్నది చచ్చినవాళ్ళు రాసిన దరిద్రపు చట్టాల వైపు అని తేల్చేస్తాడు. చచ్చినవాళ్ళ చట్టాలు! కొన్న కాగితం, పుట్టిన కులం, రాసిన స్మృతి అన్నీ ఆ ఒక్క మాట కిందికి వస్తాయి. 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని కాల్చినప్పుడు అంటుకున్నది ఇలాంటి కాగితమే. అయితే ఎపిక్టెటస్ ఆ కాగితాన్ని తిట్టి ఊరుకున్నాడు. అంబేద్కర్ అంటించాడు. ఇద్దరి మధ్యా దూరం ఇదే.

సెనెకా దగ్గర ఈ దూరం ఇంకా బాగా కనిపిస్తుంది. బానిసలూ మనుషులే, వాళ్ళతో కలిసి భోంచెయ్యమని అంత ధైర్యంగా ఉత్తరం రాసినవాడు, అదే ఉత్తరంలో, నేను బానిసలను విడిపించమనడం లేదు సుమా అన్నట్టు సర్దుకుంటాడు. తను మహా ధనవంతుడు. సహపంక్తి భోజనం సరే, భూమి మాటేమిటి అని మనం అడిగినప్పుడు హరిజనోద్ధారకులు సర్దుకున్న తీరు గుర్తొస్తే తప్పు మాది కాదు. దొర మనసు మారడం మంచిదే. కానీ దొర అన్నవాడు ఉండాల్సిన అవసరం ఏమిటన్నది 1936లో 'కుల నిర్మూలన' అడిగిన ప్రశ్న.

చోటున్నవాడి ధైర్యం, చోటు లేనివాడి ధైర్యం

మా మీద ఒక అభ్యంతరం వస్తుంది. స్టోయిక్కులు నోరు మూసుకుని పడి ఉండలేదు, రాజులను ఎదిరించారు అంటారు. నిజమే. సభకు రావద్దని వెస్పేసియన్ చక్రవర్తి కబురు పెడితే, సభ్యుడిగా ఉన్నంతకాలం రావడం నా పని అన్నాడట హెల్విడియస్ ప్రిస్కస్. చంపడం నీ వంతు, వణక్కుండా చావడం నా వంతు అని కూడా అన్నాడట. ఎపిక్టెటస్ ఎంతో గౌరవంగా చెప్పిన ఉదాహరణ ఇది. మేమూ గౌరవిస్తాం. కానీ ఒక సంగతి గమనించండి. హెల్విడియస్‌కు సభలో చోటు ఉంది. ఉన్న చోటును వదలననడం అతని ధైర్యం. అసలు చోటే లేనివాడు ఏం వదలననాలి? అతని మొదటి పని చోటు సంపాదించడం. ఆ పనికి స్టోయిక్ పుస్తకంలో అధ్యాయం లేదు.

మార్కస్ అరేలియస్ మనసును కోటతో పోల్చాడు. బయట ఏం జరిగినా లోపలికి పోయి తలుపేసుకో, నిన్నెవరూ గెలవలేరన్నాడు. 2015 డిసెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురు విద్యార్థులను హాస్టలు నుంచి వెలివేస్తే, వాళ్ళు మనసు కోటలోకి పోలేదు. నడిబజారులో డేరా వేసి దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. ఆ తర్వాత దేశమంతా రెండు రకాల మాటలు వినపడ్డాయి. పిల్లలకు మనోధైర్యం నేర్పాలి, కౌన్సెలింగ్ ఇవ్వాలి అన్నది ఒకటి. సంస్థలు జవాబు చెప్పాలి, చట్టం కావాలి అన్నది రెండోది. మొదటిదాన్ని మేము కొట్టిపారేయం. బతికి ఉండటమే మొదటి పోరాటమని మన పిల్లలకు గట్టిగా చెప్పాలి. కానీ రెండోది లేని మొదటిది, మెలిపెట్టే చేతిని వదిలేసి కాలికి వ్యాయామం నేర్పడమే.

మన చేతికి ఏం తీసుకుందాం?

పరాయి తత్వమని గిరాటు వేద్దామా? అక్కర్లేదు. నీళ్ళు తోడినవాడూ, అమ్ముడుపోయినవాడూ చెప్పిన మాటల మీద అందరికన్నా ముందు హక్కు మనది. కోయించుకుని అమ్ముతున్నది వేరేవాళ్ళు, అంతే. ఈ నేల మీద వేమనకూ ఇదే జరిగింది. కదిరి దగ్గర కటారుపల్లిలో ఆయన సమాధి ఉంది. ఆ ప్రాంతం 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. బ్రౌన్ 1829లో ఆయన పద్యాలు అచ్చేశాక అవి పాఠ్యపుస్తకాలకెక్కాయి. ఎక్కేటప్పుడు కులాన్నీ మడినీ కడిగేసిన పద్యాలు వెనకబెంచీకి పోయి, ఓర్పు, నీతి చెప్పేవి ముందుబెంచీలో కూచున్నాయి. ఎపిక్టెటస్‌ను కూడా మనం ఆ వెనకబెంచీ నుంచే పిలుచుకోవాలి.

పిలిస్తే ఆయన దగ్గర ఒక పనిముట్టు ఉంది. అవమానం తిట్టినవాడి నోట్లో ఉండదు, అది నిజమని నువ్వు ఒప్పుకోవడంలో ఉంటుంది అన్నది ఆయన పాఠం. అంటరానితనం కడవకు పట్టదు, మనసుకు పడుతుంది. తరతరాలుగా మనోళ్ళ లోపల పేరుకున్న 'మేమింతే' అన్న మాటను తుడవడానికి ఇది పదునైన పనిముట్టే. క్లాసులో కులం పేరుతో నవ్వు వినపడినప్పుడు, ఇంటర్వ్యూలో ఇంటిపేరు అడిగినప్పుడు, ఆ తీర్పు వాడిది, నాది కాదు అని ఒక నిమిషం నిలబడటం నేర్చుకోవలసిన విద్యే. అయితే ఆ నిమిషం దేనికోసం? స్టోయిక్ బడిలో ఆ నిమిషంతో పని అయిపోతుంది. మనకు అక్కడ మొదలవుతుంది. అదురు తగ్గాక చెయ్యి స్థిరంగా ఫిర్యాదు రాయాలి, సాక్షులను కూడగట్టాలి, పదిమందిని పిలవాలి. అంబేద్కర్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నది కూడా ఈ రెండూ కలవాలనే. మనసును సాధన చేయించే మార్గాన్ని ఆయన తీసుకున్నాడు. దుఃఖం పూర్వజన్మ కర్మ అన్న వివరణను పక్కన పెట్టాడు. మనిషి మనిషికి చేసే అన్యాయంలో దుఃఖాన్ని చూపించాడు.

జాషువా 1941 నాటి 'గబ్బిలం'లో అంటరానివాడు తన గోడును శివుడికి చేరవేయమని పక్షి కాని పక్షిని పంపుతాడు. లోపలి కోటలో దాచుకోలేదు. మొర పెట్టడం బలహీనత అని అరుగు తత్వం అంటుంది. పలకనివాడి బాధకు చరిత్రలో చోటు లేదని వాడకు తెలుసు.

టీచర్లకు మా సూచన చిన్నదే. 'నీ చేతిలో ఉన్నది, లేనిది' అన్న పాఠం చెప్పండి, మానొద్దు. కానీ రెండు గడులు గీయించాక మూడో గడి కూడా గీయించండి: నా ఒక్కడి చేతిలో లేనిది, మా అందరి చేతిలో ఉన్నది. వాన మొదటి రెండింట్లో ఎక్కడో పడుతుంది. కూలి రేటు, హాస్టలు అన్నం, స్కాలర్‌షిప్పు ఆలస్యం, పాలిషు మిషను దగ్గర దుమ్ము, ఊరి బావి, ఇవన్నీ మూడో గడిలోకి వస్తాయి. ఎపిక్టెటస్ గదిలో ఒంటరి మనిషికి పాఠం చెప్పాడు కాబట్టి ఆయనకు ఆ గడి కనపడలేదు. సంఘం పెట్టుకున్న ప్రతివాళ్ళకూ అది కనపడింది.

ఆ మూడో గడి నింపడానికి ఓర్పు కావాలి. మీటింగుకు ఎవరూ రాని రోజు కావాలి, కేసు వాయిదా పడిన రోజు కావాలి, మనలో మనకు మాట పడనప్పుడు మరీ కావాలి. మహద్ చెరువు వ్యాజ్యానికి పట్టిన పదేళ్ళ లాంటి ఓర్పు. దాన్ని ఎవరి దగ్గరైనా నేర్చుకుందాం, రోము బానిస దగ్గరైనా సరే. పోసేవాడి కోసం కడవ పట్టుకుని నిలబడే ఓర్పును మాత్రం ఇక ఎవరూ మనకు తత్వమని అమ్మలేరు.